మజ్జిగ ప్యాకెట్‌ను పళ్లతో ఎందుకు చింపాలి?

ఎండలు ముదిరాక హైదరాబాద్‌లో బస్టాపు పక్కన ఉన్న ఏ కిరాణా కొట్టు ముందు కాసేపు నిలబడినా, మజ్జిగ ప్యాకెట్ కొన్నవారు దాన్ని తెరవడానికి పడే అవస్థ కనిపిస్తుంది. అప్పుడే ఫ్రిజ్‌లోంచి తీసిన ప్యాకెట్ మీద చెమ్మ పట్టి ఉంటుంది, వేళ్లు జారుతుంటాయి, గోటితో గిల్లినా పొర సాగుతుందే తప్ప చిరగదు. చివరికి ఒక మూలను పళ్లతో కొరికి, ఆ ముక్కను అక్కడే ఉమ్మేసి, ఒక్కసారిగా చిమ్మిన మజ్జిగను చొక్కా మీద నుంచి తుడుచుకుంటూ తాగుతారు. దుమ్ములో, ట్రేలలో, ఎన్నో చేతుల్లో తిరిగి వచ్చిన ప్యాకెట్‌కు పళ్లు తగిలించాల్సి రావడం ఆరోగ్యరీత్యా కూడా మంచిది కాదు. ఇంత సర్వసాధారణమైన ఇబ్బందిని మనం కొనేవారి చేతకానితనంగా చూస్తున్నాం. నిజానికి అది ప్యాకెట్ రూపకల్పనలోని లోపం.

పానీయాల ప్యాకెట్‌ను తయారుచేసేవారు మూడు ప్రశ్నలు తప్పకుండా వేసుకుంటారు: కారుతుందా, ఎన్నాళ్లు నిలుస్తుంది, ఎంత ఖర్చవుతుంది. తెరవడం, పోయడం అన్నవి ఈ లెక్కలోకి రావు. వస్తువు చేతికి అందాక జరిగేదంతా కొన్నవారి బాధ్యత అన్న ధోరణి ఇందులో ఉంది. ఇది మారాలి.

అసలు చిక్కు ఎక్కడుందో చూద్దాం. పాలు, మజ్జిగ ప్యాకెట్లకు సాధారణంగా వాడేది పాలిథిన్ పొర. దీనికి సాగే గుణం ఎక్కువ. ఒకదాని మీద ఒకటి పేర్చిన ప్యాకెట్లు తెల్లవారుజామున వ్యానులో గుంతల రోడ్ల మీద కుదుపులు తిని కూడా పగలకుండా ఉండాలంటే ఆ గుణం కావలసిందే. అయితే దారిలో ప్యాకెట్‌ను కాపాడిన ఆ సాగుడే మన చేతికి వచ్చేసరికి అడ్డుపడుతుంది: బలంగా లాగితే పొర తెల్లబడి పొడవవుతుంది, చిరగదు. చిప్స్ ప్యాకెట్‌కు వాడే పాలియెస్టర్ కలిసిన పొర అలా కాదు, అంచున చిన్న గాటు ఉంటే చాలు, చిరుగు తిన్నగా సాగిపోతుంది. పాలిథిన్‌కూ ఉపాయాలు లేకపోలేదు. తయారీలో పొరను లాగిన దిశలో అది కొంత తేలిగ్గా చిరుగుతుంది కాబట్టి గాటును ఆ దిశకు అనువుగా పెట్టవచ్చు. లేజర్‌తో పొర మందంలో కొంత మేరకే సన్నని గీత గీయించవచ్చు. వీటికి అదనపు ఖర్చు ఉంటుంది, గీత లోతు తప్పితే ప్యాకెట్ కారే ప్రమాదమూ ఉంటుంది. వేర్వేరు ప్లాస్టిక్‌లను కలిపి పొర చేస్తే రీసైక్లింగ్ కష్టమవుతుంది. అంటే ఇది తేలికైన పని కాదు, కానీ ఇంజినీర్లకు తెలిసిన పనే.

పోయడం మరో విషయం. మెత్తని ప్యాకెట్ ఖాళీ అవుతున్న కొద్దీ ముడుచుకుపోతుంది కాబట్టి లోపలికి గాలి వెళ్లనక్కర్లేదు, కానీ పట్టుకుంటే చాలు, ఆ ఒత్తిడికే ధార ఎగజిమ్ముతుంది. గట్టి డబ్బా, సీసాల సంగతి దీనికి తలకిందులు. ద్రవం బయటికి వచ్చినంత మేర గాలి లోపలికి వెళ్లాలి. ఆ రెండూ ఒకే రంధ్రం గుండా పోటీపడితే ధార బుడబుడమంటూ ఆగి ఆగి పడుతుంది. లీటరు అట్టపెట్టెను మూత కిందివైపు కాకుండా పైవైపు ఉండేలా వంచితే గాలికి దారి దొరికి ధార నిలకడగా వస్తుంది. పెట్టె మీద చిన్న బొమ్మ ముద్రించినా ఎంతో మందికి ఉపయోగం. మూతి అంచు గుండ్రంగా కాక పదునుగా ఉంటే, చివరి చుక్కలు గోడ వెంబడి కిందికి కారడం తగ్గుతుంది.

స్ట్రాతో తాగే చిన్న పెట్టెల కథ 2022 జూలై 1న మలుపు తిరిగింది. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ స్ట్రాలపై దేశవ్యాప్త నిషేధం ఆ రోజు అమల్లోకి వచ్చింది, కంపెనీలు కాగితపు స్ట్రాలకు మారాయి. పర్యావరణం దృష్ట్యా ఆ నిషేధాన్ని నేను సమర్థిస్తాను. అయితే కాగితపు స్ట్రా మొన నాని మెత్తబడితే రేకును గుచ్చడం కష్టం. మంచం మీద ఉన్న రోగికి, వణికే చేతులున్న పెద్దవారికి అది మరింత కష్టం. గుచ్చే క్షణంలో పెట్టెను నొక్కి పట్టుకుంటే రసం చిమ్ముతుంది. పై మూలల్లో మడిచి అతికించిన చెవులను విప్పి, వాటిని పట్టుకుంటే పెట్టె మీద ఒత్తిడి పడదు. ఈ సౌలభ్యం పెట్టెలోనే ఉన్నా, ఆ సంగతి తెలిసినవారు తక్కువ.

తెరిచే పద్ధతిని బాగుచేయడం, చెత్తను తగ్గించడం వేర్వేరు పనులు కావని కూల్‌డ్రింక్ డబ్బా చరిత్ర చెబుతుంది. అమెరికాలో ఎర్మల్ ఫ్రేజ్ రూపొందించిన లాగి తీసే రింగు 1960లలో వాడుకలోకి వచ్చి, విడిగా ఓపెనర్ అవసరాన్ని పోగొట్టింది. కానీ ఊడివచ్చిన రింగులు సముద్ర తీరాల్లో, పార్కుల్లో పేరుకుపోయి కాళ్లకు గుచ్చుకున్నాయి. 1975లో డబ్బాకే అంటుకుని ఉండే రింగు వచ్చాకే ఆ బెడద తగ్గింది. యూరోపియన్ యూనియన్ 2019లో చేసిన నిబంధన ప్రకారం, మూడు లీటర్ల వరకు ఉన్న పానీయాల ప్లాస్టిక్ సీసాల మూతలు 2024 జూలై నుంచి సీసాకే అతుక్కుని ఉండాలి. మన పాల ప్యాకెట్ మూల సరిగ్గా ఆ పాత రింగు స్థానంలోనే ఉంది. కత్తెరతో తెగిన ఆ గోరంత ముక్కను ఏ చెత్త ఏరేవారూ ఏరలేరు, అది నాలాల్లోకి, అక్కడి నుంచి మూసీలోకి పోతుంది. ముక్క పూర్తిగా ఊడకుండా ఒక అంచున నిలిచేలా గాటు పెడితే ఈ నష్టం సగం తీరినట్టే.

ఫంక్షన్ హాళ్లలో ఇచ్చే నీళ్ల కప్పుల గురించి ఒక్క మాట: గోడ అంత పల్చగా, నీళ్లు అంత నిండుగా ఉంటే రేకు లాగినప్పుడు ఒలకక తప్పదు. కొంచెం ఖాళీ వదిలితే సరిపోతుంది.

నైపుణ్యానికి హైదరాబాద్‌లో లోటు లేదు. చర్లపల్లిలో ప్లాస్టిక్ ఇంజినీరింగ్ సంస్థ సీపెట్ ఉంది, భారత ప్యాకేజింగ్ సంస్థ కేంద్రం ఉంది, ఐఐటీ హైదరాబాద్‌లో డిజైన్ విభాగం ఉంది. ప్యాకెట్ తెరిచే సౌలభ్యాన్ని అంచనా వేయడానికి ఐఎస్‌ఓ 17480 అనే అంతర్జాతీయ ప్రమాణం 2015లోనే వచ్చింది. యంత్రంతో కొలవడంతో పాటు మనుషుల చేత తెరిపించి చూసే పద్ధతికీ అందులో చోటుంది. ప్రభుత్వ రంగంలో విజయ వంటి డెయిరీ ఉన్న రాష్ట్రం, ప్యాకెట్ ప్లాస్టిక్ పొర కొనుగోలు టెండరులో పొర మందం, సీలు బలంతో పాటు తెరిచే తీరును కూడా ఒక షరతుగా చేర్చవచ్చు. అరవై దాటినవారి చేత, తడి చేతులతో, కత్తెర లేకుండా తెరిపించి, ఎంత ఒలికిందో తూచి చూడటం పెద్ద ఖర్చుతో కూడుకున్నది కాదు. వచ్చే వేసవికి ముందే దీన్ని మజ్జిగ ప్యాకెట్‌తో మొదలుపెట్టాలి, ఎందుకంటే పాల ప్యాకెట్‌ను ఇంట్లో కత్తెర ఉన్నచోట తెరుస్తాం, మజ్జిగ ప్యాకెట్‌ను ఎక్కువగా రోడ్డు మీదే తెరుస్తాం.