వెనకాల ఏమీ లేదు, తాతా

ఇంట్లో ఒకడు కంప్యూటర్ గ్రాఫిక్స్ చదవడం మొదలుపెడితే, అందరికంటే ముందు పరువు పోయేది పెళ్ళి ఆల్బమ్‌కి. మా అన్న కొడుకు ఒంగోలులో డిగ్రీలో చేరిన కొత్తల్లోనే వాళ్ళక్క పెళ్ళి ఆల్బమ్ ముందేసుకుని, "బాబాయ్, బావ భుజం దగ్గర అంచు చూడు, తెల్లగా గీతలాగా లేదూ? సరిగ్గా కట్ చెయ్యలా" అన్నాడు. కొత్తపట్నం బీచ్‌లో నిలబడ్డ జంట వెనకాల మంచుకొండలు ఎట్ట వచ్చాయని అప్పటిదాకా మా ఇంట్లో ఎవరూ అడగలేదు. అలాంటివి అడక్కపోవడమే మర్యాద. మా వదిన మారు మాట్లాడకుండా ఆల్బమ్ తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేసింది.

కంప్యూటర్ కోర్సు అన్నారు గానీ మొదట్లో మావాడు కంప్యూటర్ ముట్టుకోలేదు. గ్రాఫ్ షీటు, పెన్సిలు, రబ్బరు. రెండు చుక్కలిచ్చి వాటి మధ్య గీత రావాలంటే ఏ గడులు నింపాలో లెక్కగట్టి నింపమనేవాళ్ళు. ఇది ఐబీఎంలో పనిచేసిన బ్రెజెన్‌హామ్ 1962లో కనిపెట్టిన పద్ధతి. దశాంశాల జోలికి పోకుండా ఉత్త పూర్ణసంఖ్యల కూడికలు, తీసివేతలతోనే తరవాతి గడి పక్కనా పైనా అని తేల్చేస్తుంది. తెర మీద మనం చూసే ఏటవాలు గీత నిజానికి మెట్లేనట. మా అన్న వీడి భుజం మీదుగా తొంగిచూసి, "ఇంత ఫీజు కడితే గీత గీయడం నేర్పుతున్నారా? స్కేలు లేదా వాళ్ళ దగ్గర?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. మావాడు మాత్రం జాలిగా చూశాడు.

తర్వాత రంగులు వచ్చాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోటి 0 నుంచి 255 దాకా, అన్నీ కలిపితే 1,67,77,216 రంగులు. భోజనాల దగ్గర ఈ అంకె చెప్పి, మేం ఆశ్చర్యపోవాలని ఆగాడు. "అన్ని రంగులుండి రోజూ ఆ నల్ల టీషర్టే ఎందుకురా?" అంది వదిన.

ఆ పైన టీ కూజా. 1975లో అమెరికాలో యూటా విశ్వవిద్యాలయంలో మార్టిన్ న్యూవెల్ అనే ఆయన తన ఇంట్లో కూజా కొలతలు కంప్యూటర్‌కి ఎక్కించాడు. అప్పట్నుంచీ త్రీడీ నేర్చుకునే ప్రతివాడూ దాన్నే తిప్పుతూ ఉంటాడు. మావాడు ఓ సాయంత్రమంతా తిప్పాడు. ఒక పక్క నుంచి వెలుగు వేశాడు, ఇత్తడి చేశాడు, గాజు చేశాడు. ఇంటికొచ్చిన చుట్టాలు కూడా కాసేపు చూసి, టీ తాగకుండానే లేచారు.

ఇంతవరకూ ఎవరికీ నష్టం లేదు. తిరునాళ్ళు వచ్చాకే కథ మలుపు తిరిగింది.

మా ఊరి తిరునాళ్ళకి ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలు పెడతారు. గిత్త వయసుని పళ్ళని బట్టి లెక్కేసి రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, సీనియర్లు అని విభాగాలు. ఊరి మొదట్లో ఇరవై అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఫ్లెక్సీ కట్టడం ఆనవాయితీ. కమిటీ లెక్కలు చూసేది మా అన్న. ఫ్లెక్సీ షాపువాడు ప్రింటుకి అడుగు లెక్కన ఒక డబ్బు, డిజైన్‌కి వేరే డబ్బు తీసుకుంటాడు. ఆ రెండో డబ్బు ఏటా మా అన్న గుండెల్లో గుచ్చుకునేది. ఈసారి, "మావాడు అదే చదువుతున్నాడు, వాడే చేస్తాడు" అని కమిటీలో మాటిచ్చి వచ్చాడు. మావాడికి అప్పుడే కాలేజీలో, బయట ఎవరికైనా పనికొచ్చే డిజైన్ ఒకటి చేసి చూపించమని మేడం చెప్పారట. ఒకే దెబ్బకి మార్కులూ వస్తాయి, మర్యాదా వస్తుంది.

ఊరి నిండా గిత్తలుంటే ఫోటో కోసం ఇంటర్నెట్‌కి పోవడమెందుకని మీకు అనిపించవచ్చు. మీది ఈ పక్క కాదన్నమాట. ఎవరి గిత్త ఫోటో వేసినా మిగతా వాళ్ళు చందా ఇవ్వరు. కాబట్టి ఏ ఊరికీ, ఏ కులానికీ, ఏ పార్టీకీ చెందని గిత్త కావాలి.

మావాడు దాన్ని రాత్రికి రాత్రే పట్టుకొచ్చాడు. గూగుల్‌లో ఇంగ్లీషులో "నెలోర్ బుల్" అని కొట్టాడట. బ్రెజిల్‌లో మన ఒంగోలు జాతిని నెలోర్ అంటారు. ఆ పశువులు ఓడలెక్కి పోయిన కాలంలో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లాకి మారింది, 1970లో తనే జిల్లా అయింది, 1972లో ప్రకాశం పేరు పెట్టుకుంది. ఈ మార్పులేవీ బ్రెజిల్ పశువులకి చేరలేదు, అవి ఇంకా నెల్లూరు జిల్లాలోనే ఉన్నాయి. అసలు ఊళ్ళో కంటే అక్కడే ఆ రక్తం ఎక్కువుందని తెలిసినప్పుడల్లా మా ఒంగోలు వాళ్ళకి గర్వమూ కడుపుమంటా ఒకేసారి వస్తాయి.

వాడి పనిలో లోపాలే వెతకడం అన్యాయం. తెలుగు అక్షరాల విషయంలో దెబ్బ తినకుండా తప్పించుకున్నాడు. షాపులో పాత సాఫ్ట్‌వేర్ ఉంది, మన ఫోన్‌లో కొట్టిన తెలుగు అక్కడ తెరిస్తే ఒత్తులన్నీ ఊడి "గిత్తలు" కాస్తా "గిత్‌తలు" అయ్యాయి. ముఖ్య అతిథి "ముఖ్‌య" అతిథి అయ్యాడు. మావాడు ఇంటికొచ్చి అక్షరాలన్నిటినీ కర్వ్స్‌గా మార్చి పట్టుకెళ్ళాడు. అలా మారిస్తే అవి ఇక అక్షరాలు కావు, బొమ్మలు. అవతలి కంప్యూటర్‌కి ఫాంటుతో పనుండదు, ఎంత సాగదీసినా అంచు చెదరదు. పాఠం వంటబట్టిందని నాకు నిజంగానే ముచ్చటేసింది. తెర మీద చిలకపచ్చగా మెరిసిన బ్యాక్‌గ్రౌండ్ ప్రింటులో పాలిపోయింది గానీ అది ఎవరి తప్పూ కాదు. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, ఫ్లెక్సీ సిరాతో. ఆ వెలుగుని ఏ డబ్బాలోనూ పోసి అమ్మరు.

తేడా కొట్టింది గిత్త దగ్గర.

రాత్రి పూట ఫ్లెక్సీ కట్టారు, ఎవరూ పట్టించుకోలేదు. తెల్లారి పాలకేంద్రానికి పోయేవాళ్ళు ఒక్కొక్కరే ఆగడం మొదలైంది. నేను వెళ్ళేసరికి ఎడ్ల తాత కర్ర ఆనించుకుని తలెత్తి చూస్తున్నాడు. మా ఊళ్ళో గిత్తల సంగతిలో ఆయన మాటే చివరి మాట.

"ఏంది అబ్బాయా, గిత్తకి లుంగీ కట్టారు?"

చూశాను. నిజమే. గిత్త నడుము దగ్గర్నుంచి గిట్టల దాకా బూడిద, తెలుపు గళ్ళు. ఒంగోలు బస్టాండు దగ్గర మడతలు పెట్టి అమ్మే గళ్ళ లుంగీ అచ్చు దింపినట్టే ఉంది. నిజానికి గిత్త చుట్టూ అంతటా ఆ గళ్ళు ఉండాలి. పైభాగాన్ని కమిటీ సభ్యుల గుండ్రటి ఫోటోలూ దాతల ఫోటోలూ కప్పేశాయి. నడుము కింద మాత్రం ఫోటో వేయించుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు.

మావాడిని నిద్ర లేపి తీసుకొచ్చారు. వాడు కళ్ళు నులుముకుంటూ ఫ్లెక్సీని చూసి, కంగారు పడకుండా, "అది ట్రాన్స్‌పరెంట్, తాతా" అన్నాడు.

"అంటే?"

"వెనకాల ఏమీ లేదని అర్థం. పారదర్శకం."

"ఏమీ లేకపోతే గళ్ళు యాడ్నించి వచ్చినయ్?"

"ఏమీ లేదని చెప్పడానికే గళ్ళు వేస్తారు."

తాత చాలాసేపు ఆలోచించాడు. "ఏమీ లేదని చెప్పడానికి ఏమీ వెయ్యకుండా ఉంటే సరిపోద్దిగా?"

ఈ ప్రశ్నకి మావాడి సిలబస్‌లో సమాధానం లేదు. నాకు తెలిసి ఫోటోషాప్ చేసినవాళ్ళ దగ్గర కూడా ఉండదు.

పాపం, మావాడు చెప్పింది అక్షరాలా పాఠమే. ఫోటోషాప్‌లో గానీ, వాళ్ళ ల్యాబులో నేర్పే గింప్‌లో గానీ, బొమ్మలో ఖాళీ భాగం ఉంటే అక్కడ గళ్ళు చూపిస్తాయి. అవి బొమ్మలో ఉండవు, మనకి గుర్తు కోసమే. బొమ్మల్ని దాచే ఫైళ్ళలో రకాలున్నాయి. పీఎన్‌జీ రకానికి ఆ ఖాళీని దాచుకునే శక్తి ఉంది. జేపెగ్‌కి లేదు, దానికి ప్రతి గడిలోనూ ఏదో ఒక రంగు ఉండి తీరాలి. ఎవరో మహానుభావుడు గళ్ళతో సహా గిత్తని జేపెగ్‌లో దాచి "ట్రాన్స్‌పరెంట్" అని పేరుపెట్టి ఇంటర్నెట్‌లో వదిలాడు. మావాడు తెరిచాడు, గళ్ళు కనపడ్డాయి, ఖాళీగానే ఉందని సంతోషపడ్డాడు. గళ్ళు కనపడకపోయుంటే అనుమానపడేవాడట!

పైగా ఆ గిత్త వెడల్పు మొత్తం 640 పిక్సెళ్ళు, అంటే రంగు చుక్కలు. ఫోన్‌లో ముద్దుగానే ఉంటుంది. దాన్ని పన్నెండు అడుగులకి సాగదీస్తే ఒక్కో పిక్సెల్ అర సెంటీమీటరు దాటిపోతుంది. పదేసి పిక్సెళ్ళ గడి రెండంగుళాలు మించుతుంది. అంటే సరిగ్గా లుంగీ కొలత.

తాత అక్కడితో వదల్లేదు. దగ్గరికి పోయి, దూరం జరిగి, ఆ పక్క నుంచి ఈ పక్క నుంచి చూశాడు. "లుంగీ సంగతి అట్టుంచు. కొమ్ములేవిరా?"

"క్రాపింగ్‌లో పోయినట్టున్నాయి."

"చెవికి బిళ్ళ ఏంది? తొడ మీద వాత పెట్టి అంకెలేంది? ఇది మన గిత్త కాదు. ఎవరో పరాయి దేశపోడు ముద్రేసుకున్న గిత్త."

మావాడు నోరు తెరిచాడు. బ్రెజిల్ అని వాడు ఎవరికీ చెప్పలేదు. అక్కడ పెద్ద పెద్ద మందలు, గుర్తు కోసం వాతలు వేస్తారు. కొమ్ములు రాని నెలోర్ రకాన్ని కూడా వాళ్ళు తయారుచేసుకున్నారు. ఇవన్నీ నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. తాతకి ఏ చదువూ అక్కర్లేకపోయింది, అదీ ఒక్కో పిక్సెల్ అర సెంటీమీటరున్న బొమ్మలో. ఆయన మొహమాటం లేకుండా అడిగిన చివరి ప్రశ్న మాత్రం కమిటీని బాగా ఇబ్బంది పెట్టింది: "దీనికి పళ్ళెన్ని? ఏ విభాగంలో ఆడిస్తారు?"

ఫ్లెక్సీ మార్చడానికి టైము లేదు, మా అన్నకి మనసూ లేదు. ముఖ్య అతిథి దిగీ దిగగానే దాని ముందు నిలబడి ఫోటో దిగాడు, ఎందుకు అందరూ నవ్వుతున్నారో తెలియక తనూ నవ్వాడు. రెండు పళ్ళ విభాగం అయ్యేసరికి చుట్టుపక్కల ఊళ్ళ కుర్రాళ్ళంతా సెల్ఫీలకి వరస కట్టారు. ఒకడు ఇంటికి పోయి మరీ గళ్ళ లుంగీ కట్టుకొచ్చాడు. పోటీల్లో ఎవరు గెలిచారని అడిగితే ఇప్పటికీ ఎవరూ సరిగ్గా చెప్పరు.

కాలేజీలో మేడం ఆ ఫోటోని ప్రొజెక్టర్ మీద వేసి, జేపెగ్‌కీ పీఎన్‌జీకీ తేడా చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదన్నారట. మార్కులు కూడా బాగానే వేశారు. ఆ మార్కులు దేనికో మావాడూ అడగలేదు, మేమూ అడగలేదు.

మొన్న పక్క ఊరి కమిటీవాళ్ళు ఇద్దరు బండి మీద వచ్చారు. వాళ్ళకీ ఫ్లెక్సీ కావాలట. మా అన్న సంతోషంగా కుర్చీలు వేయించాడు. వాళ్ళు టీ తాగి వెళ్ళాక మావాడు ల్యాప్‌టాప్ ముందు తల పట్టుకుని కూర్చున్నాడు.

"ఏమైందిరా?"

"వాళ్ళ గిత్తకి నీలం గళ్ళు కావాలంట, బాబాయ్. ఇప్పుడు నేను సరైన పీఎన్‌జీ చెయ్యడం నేర్చుకున్నా. ఎన్నిసార్లు చేసినా గళ్ళు రావడం లా."