సవరణ: సమురాయ్‌లు, తుపాకులు

సమురాయ్‌లు (పాత జపాన్ యోధవర్గం) తుపాకీని పిరికివాళ్ల ఆయుధంగా చూసి ముట్టుకోలేదని, 1877లో జపాన్ ప్రభుత్వంపై జరిగిన తిరుగుబాటులో సమురాయ్ నాయకుడు సైగో తకమోరి సేన మొదటి నుంచీ కత్తులతోనే పోరాడిందని క్రితం పోస్టులో ఉంది. రెండూ సరికావు.

తుపాకులు 1543లో పోర్చుగీసు వర్తకుల ద్వారా జపాన్‌లోని తనెగషిమా దీవికి చేరాయి. కొద్ది ఏళ్లలోనే జపాన్ కమ్మరులు వాటిని సొంతంగా తయారు చేయసాగారు. 1575లో నగషినో వద్ద ఓడ నొబునగ, తొకుగవ ఇయెయసు అనే ప్రభువుల సేనలు కొయ్య కంచెల చాటు నుంచి తూటాలు కురిపించి ప్రత్యర్థి ప్రభువు తకెద కత్సుయొరి సేనను చిత్తు చేశాయి. (తుపాకులు మూడు వరుసల్లో వంతులవారీగా పేలాయన్న ప్రసిద్ధ కథను మాత్రం చాలామంది చరిత్రకారులు నమ్మరు.) వాటిని ఎక్కువగా పేల్చింది అషిగరు అనే కాలిబంట్లు, పేల్పించింది సమురాయ్ ప్రభువులే. ఆ మాటకొస్తే తొలి శతాబ్దాల్లో సమురాయ్ ప్రధాన ఆయుధం కత్తి కూడా కాదు, గుర్రం మీద పట్టే విల్లు. నడుముకు జంట కత్తులు వారి హోదాకు గుర్తుగా స్థిరపడింది ఆ తర్వాత ఇయెయసు వంశమైన తొకుగవలు పాలించిన శాంతికాలంలో, అంటే కత్తి దూసే అవసరం తగ్గాక!

ఇక 1877లో సైగో సేన ప్రభుత్వ సైన్యం ఉన్న కుమమొతొ కోటను ముట్టడించింది రైఫిళ్లు, ఫిరంగులతోనే. మందుగుండు అడుగంటాకే, సెప్టెంబరు 24న షిరోయమా కొండ దగ్గర, మిగిలిన కొద్ది వందల మంది కత్తులు దూశారు. పోస్టులో ఆ రెండు పేరాలనూ ఈ మేరకు మార్చాం.