దొనకొండ లోకో షెడ్డు గారికి బహిరంగ లేఖ

అయ్యా లోకో షెడ్డు గారూ,

నమస్కారం. రైలు ఇంజిన్లను నిలిపి, బాగుచేసే ఉద్యోగం పోయి ఇన్నేళ్ళయినా చిరునామా మార్చుకోకుండా ప్రకాశం జిల్లాలోనే ఉన్నారు. ఈ ఓపిక మా పిల్లల్లో ఒక్కరికీ లేదు.

అసలు మీరు కరువు పుణ్యమా అని పుట్టినవారు. 1876-78 ధాత కరువులో జనం మలమల మాడిపోయాక దొరలకు జ్ఞానోదయమైంది. మళ్ళీ కరువొస్తే గింజలు చేరవేయాలి కదా అని గుంతకల్లు నుంచి కృష్ణా డెల్టా వైపు మీటర్ గేజి లైను వేశారు. అలా చుక్క నీటికి కటకటలాడే చోట కడివెడు కాదు, ట్యాంకులకు ట్యాంకులు తాగే ఇంజిన్లకు మకాం కుదిరింది. మనుషులకు దాహమేస్తే కమిటీ వేస్తారు, ఇంజిన్‌కు దాహమేస్తే మాత్రం వెంటనే పైపు వేస్తారు. మా వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేసి ఎన్నేళ్ళు సొరంగాలు తవ్వారో మీకు చెప్పాలా!

మీ వైభవమంతా ఆవిరి ఇంజిన్ బలహీనతే. దానికి బొగ్గు కావాలి, నీళ్ళు కావాలి, బూడిద దులపాలి, బాయిలర్ కడగాలి. దాంతో డ్రైవర్లు, ఫైర్‌మన్లు, ఫిట్టర్లు, కలాసీలు, వాళ్ళకు క్వార్టర్లు. అర్ధరాత్రి కాల్ బాయ్ లాంతరు, రిజిస్టరు పట్టుకుని తలుపు కొట్టేవాడు. డ్రైవరు నిద్రకళ్ళతో సంతకం పెడితేగానీ కదిలేవాడు కాదు. ఒక మనిషిని నిద్ర లేపడానికి ఇంకో మనిషికి జీతం! ఎంత గొప్ప ఆర్థిక విధానమండీ.

ఆ తర్వాత దాహం, ఆయాసం లేని డీజిల్ ఇంజిన్ వచ్చింది. పట్టాలన్నిటినీ ఒకే వెడల్పుకు తెచ్చేందుకు 1992లో మొదలైన యూనిగేజి పథకం పుణ్యాన మన లైనూ బ్రాడ్ గేజి అయింది. పట్టాల మధ్య 1,000 మిల్లీమీటర్లు కాస్తా 1,676 అయ్యాయి. దారి వెడల్పయింది, మీకే చోటు లేకుండా పోయింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో వచ్చిన మీ పక్కింటి విమానాశ్రయం గారూ ఖాళీయే కాబట్టి, కాలక్షేపానికి లోటుండదు.

2014లో మీ ఊరే రాజధాని అన్నారు గుర్తుందా? భూముల ధరలు విమానం లేకుండానే గాల్లోకి లేచాయి. ఆ తర్వాత పారిశ్రామిక నగరం అన్నారు. ఇంత పెద్ద పెద్ద మాటల మధ్య నలుగురికి జీతం ఇచ్చిన మీ పేరు ఎవరూ ఎత్తలేదు.

ఈసారి సర్వేవాళ్ళు వస్తే మొహమాటపడకండి. రాజధానులూ హబ్‌లూ తర్వాత, ముందు కాల్ బాయ్ పోస్టు ఉందా అని అడగండి. డిగ్రీ చదివి హైదరాబాద్‌లో ఫుడ్ డెలివరీ చేస్తున్న మా మేనల్లుడు దరఖాస్తు నింపి పెట్టుకున్నాడు. తలుపులు కొట్టడంలో అనుభవం కూడా ఉంది.

ఇట్లు,
మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగాల్సిన ఒక ప్రయాణికుడు