పెన్సిల్ బ్యాటరీ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ పెన్సిల్ బ్యాటరీ గారికి,

నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం అని రాయడం ఆనవాయితీ గానీ, రెండేళ్ళుగా మీతో వేగుతున్నవాడు క్షేమంగా ఎలా ఉంటాడు? మీరు మాత్రం మీ 1.5 వోల్టుల దగ్గర నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉంటారని తలుస్తాను.

నేను తయారు చేద్దామనుకున్నది పెద్దదేం కాదు. చొక్కా జేబులో పట్టే టార్చి. ఒకే ఒక్క సెల్లు. నొక్కితే వెలగాలి, మళ్ళీ నొక్కితే ఆరాలి. ధర చూసి ఎవరూ తిరిగి అక్కడే పెట్టేయకూడదు. ఈ మాట విన్న స్నేహితుడు, "ఇంకా పెన్సిల్ బ్యాటరీ ఏంట్రా, ఛార్జింగ్ పెట్టుకునే లిథియం సెల్ వాడు" అన్నాడు. వాడి మాట వినుంటే ఈ ఉత్తరంతో పనే ఉండేది కాదు. కానీ టార్చి గుర్తొచ్చేదే కరెంటు పోయాక. అప్పుడు దాన్ని ఛార్జింగ్ ఎక్కడ పెడతాం? మీరైతే గోడ గడియారంలో ఉంటారు, పిల్లల బొమ్మ కారులో ఉంటారు. చీకట్లో తడుముకుంటూ వెళ్ళి మిమ్మల్ని ఊడబీక్కోవచ్చు. ఆ ఒక్క గుణం చూసి నెత్తిన పెట్టుకున్నాను. నెత్తినెక్కి మీరేం చేశారో ఇక వినండి.

మొదటి పేచీ ఎల్ఈడీతో వచ్చింది. తెల్ల ఎల్ఈడీ అసలు తెల్లది కాదు. నీలం వెలుగిచ్చే చిప్పు మీద పసుపు పూత. ఆ నీలానికి దాదాపు 3 వోల్టులు కావాలి, తగ్గితే కన్ను తెరవదు. మీ దగ్గరున్నది 1.5. అదీ కొత్తలో. తర్వాత 1.3, 1.1, 0.9 అంటూ మెట్లు దిగుతారు. పాతకాలపు ఫిలమెంట్ బల్బు మీకు తగిన జోడీ. మీరెంతిస్తే అంతకు సర్దుకుని, ఎర్రబడైనా వెలిగేది. అప్పట్లోనూ మీ వంశం ఘనత తక్కువేం కాదు లెండి. 1899లో డేవిడ్ మిసెల్ అనే ఆవిష్కర్త పేటెంటు తీసుకున్న గొట్టం టార్చిలో మీ పెద్దన్నలు, లావుపాటి డి సెల్లులు, మూడు కూర్చుంటే కూడా వెలుగు నిలకడగా వచ్చేది కాదట. కాసేపు వెలిగించి ఆపాలి, వారు అలుపు తీర్చుకోవాలి. దానికి ఫ్లాష్‌లైట్ అని పేరొచ్చింది అందుకే.

సరే, 1.5ని 3 చేయడం ఎలా? ఒక రాత్రి మా గోడ గడియారం ఆగిపోయింది. అందులోంచి మిమ్మల్ని తీసి, వోల్టులు కొలిచే మల్టీమీటర్ పెడితే 1.02 చూపించింది. గడియారం ముల్లునే తిప్పలేని శాల్తీ, ఎల్ఈడీని వెలిగిస్తుందా? పంతం పట్టాను. ఒక ట్రాన్సిస్టర్, ఒక రెసిస్టర్, ఉంగరంలో సగముండే ఫెర్రైట్ రింగు, అంటే అయస్కాంత గుణమున్న నల్లటి చుట్టు. రింగుకి సన్నటి రాగి తీగలు రెండు కలిపి పదిహేను చుట్లు చుట్టాను. కొసల మీది ఎనామిల్ పూతని బ్లేడుతో గీకాను, వేలు కూడా కొంచెం గీకాను. వెలగలేదు. గంటసేపు తల పట్టుకున్నాక చూస్తే, ఒక తీగ కొసలు తారుమారు. మార్చి తాకించానో లేదో, గుడ్డి గడియారంలోంచి వచ్చిన సెల్లుతో గోడంతా తెల్లగా కనిపించింది. పారుతున్న నీళ్ళని పంపు దగ్గర ఠక్కున కట్టేస్తే పైపు దడదడమంటుంది చూడండి, తీగచుట్టలో కరెంటుని ఠక్కున ఆపితే వోల్టేజీ అలాగే ఎగిరిపడుతుంది. సెకనుకి వేలసార్లు ఆ ఎగురుడే ఎల్ఈడీని వెలిగిస్తుంది. ఈ సర్క్యూట్‌ని జూల్ థీఫ్ అంటారు. శక్తిని దొంగిలించే దొంగ. మీ జేబులో చిల్లర కూడా వదలడు.

ఆ రాత్రి నేను పొందిన ఆనందానికి మీరు తర్వాత వడ్డీతో సహా వసూలు చేశారు.

టార్చి మొత్తం ఇచ్చే వెలుగుని ల్యూమెన్లలో కొలుస్తారు. 100 ల్యూమెన్లు ఇద్దామని ఆశపడ్డాను. ఎల్ఈడీకి ఒక వాట్ చాలు. కానీ ఆ వాట్ కోసం మీ దగ్గర దాదాపు ఒక ఆంపియర్ లాగాలి. లాగగానే మీ వోల్టేజీ చతికిలబడుతుంది. అది పడ్డకొద్దీ, వెలుగు తగ్గకూడదని నా సర్క్యూట్ ఇంకా ఎక్కువ కరెంటు గుంజుతుంది. గుంజినకొద్దీ మీరు ఇంకా పడతారు. నీరసంగా ఉన్నవాణ్ణి పరిగెత్తించి, పడిపోతే ఇంకా వేగంగా పరిగెత్తమన్నట్టు. మీలో ఎంత కరెంటు నిల్వ ఉందో చెప్పే అంకె 2,000 మిల్లీఆంపియర్ అవర్ల పైమాటే అని మీ గొప్ప. ఈ పరుగులో అందులో సగం కూడా బయటికి రాదు. మీ దాయాది, ఛార్జింగ్ పెట్టుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు, పేరుకి 1.2 వోల్టులవాడే. అయినా లాగితే నిలబడతాడు. ఆయన్ని చూసి నేర్చుకోమని మీకు చెప్పేంతవాణ్ణి కాను.

ఆరంభ శూరత్వం మీ ఒక్కరిదే అయితే సర్దుకునేవాణ్ణి. దాన్ని చట్టబద్ధం చేసినవాళ్ళున్నారు. టార్చి వెలుగు కొలవడానికి 2009లో అమెరికాలో ఎఫ్ఎల్ 1 అని ఒక ప్రమాణం వచ్చింది. దాని ప్రకారం రన్‌టైమ్ అంటే వెలుగు మొదటి దాంట్లో పదో వంతుకు పడిపోయేదాకా గడిచిన కాలం. 100 ల్యూమెన్లతో మొదలై, పావుగంటకే నీరుగారి, 11 ల్యూమెన్ల దగ్గర దేకుతున్నా లెక్కలో వెలుగుతున్నట్టే. ఇక "ఇంత దూరం వెలుగు పడుతుంది" అనే అంకె ఉందే, అది 0.25 లక్స్ (ఒక చోట పడే వెలుగుకి కొలత) మిగిలే చోటు. అంటే దాదాపు పున్నమి వెన్నెలంత. వెన్నెల కోసం టార్చి కొనాలన్న మాట. అంకెలు అబద్ధాలు కావు, కొలిచే పద్ధతి ఉండటం లేకపోవడం కంటే మేలే. కాకపోతే డబ్బా మీద పెద్దక్షరాల్లో ల్యూమెన్లే ఉంటాయి, ఎంతసేపో చిన్నక్షరాల్లో.

అందుకే నేను 20 ల్యూమెన్లకు దిగొచ్చాను. కంటి లెక్క వేరు: 100 అనేది 20కి అయిదు రెట్లుగా కనబడదు, రెండింతలుగా కనిపిస్తే గొప్ప. కానీ 20 దగ్గర మీరు ఒక రాత్రంతా నిలబడతారు. మెట్లు దిగడానికి, ఫ్యూజు చూడ్డానికి, మంచం కింద చెప్పు వెతకడానికి అంతకు మించి ఏం కావాలి? స్నేహితుడు మళ్ళీ వచ్చి, "చవక టార్చిల్లో లాగా మూడు చిన్న సెల్లులు పెట్టెయ్, 4.5 వోల్టులు, సర్క్యూట్ ఖర్చే ఉండదు" అన్నాడు. నిజమే, ఉండదు. ముగ్గురూ కలిసి పుట్టినా కలిసి చావరు. ముందుగా ఖాళీ అయినవాణ్ణి మిగతా ఇద్దరూ ఎదురు దిక్కున తోస్తారు, వాడు కారతాడు. పైగా చీకట్లో మూడింటినీ వెతికి, ఏది తలకిందులో తేల్చాలి.

కారడం అంటే గుర్తొచ్చింది. అసలు ఫిర్యాదు ఇదే. మొదటి నమూనాని ఆపడం మర్చిపోయి సొరుగులో పడేశాను. నా దొంగ మిమ్మల్ని చివరి బొట్టు దాకా పీల్చాడు. నెలల తర్వాత తీస్తే మూత తిరగలేదు. పట్టకారుతో తిప్పితే కిర్రుమని ఊడింది: లోపల తెల్లటి పొడి, స్ప్రింగు ఆకుపచ్చగా. మీలో ఉండే పొటాషియం హైడ్రాక్సైడ్ బయటికొచ్చి, గాలి తగిలి కార్బొనేట్‌గా గడ్డకట్టింది. వెనిగర్‌లో ముంచిన దూది పెడితే బుసబుసమంది. స్ప్రింగు దక్కలేదు. 14.5 మిల్లీమీటర్ల మీ నడుముకి సరిగ్గా సరిపోయేలా గొట్టం చేయించిన నా పొదుపు కూడా దక్కలేదు. ఉబ్బి బిగుసుకుపోయిన మిమ్మల్ని సుత్తితో బయటికి తోయాల్సొచ్చింది. ఇప్పుడు గొట్టం లోపలి వ్యాసం 15.2. దండం పెట్టి ఇచ్చిన స్థలం అనుకోండి.

దొంగకి హద్దు కూడా పెట్టాను. 0.9 వోల్టు దగ్గర ఠక్కున ఆపేస్తే మెట్ల మీద ఉన్న మనిషి గతేంటి? అందుకని అక్కడ వెలుగు ఒక్క ల్యూమెన్‌కి పడుతుంది, 0.8కి ఆరిపోతుంది. ఈ తెలివి ఉన్న చిప్పులో మిణుకు మిణుకు మోడూ, ఆపదలో ఉన్నామని సంకేతమిచ్చే ఎస్ఓఎస్ మోడూ ఉచితంగా వచ్చాయి. ఆర్పాలంటే ఆరుసార్లు నొక్కాలట. రెండింటినీ పీకేశాను. నడిసముద్రంలో చిక్కుకున్నవాళ్ళు నన్ను క్షమించాలి.

ఇట్లు,
మీ విధేయుడు

తా.క.: ఈ ఉత్తరం మీ వెలుగులోనే రాశాను. ఇంట్లోవాళ్ళు గడియారం మళ్ళీ ఎందుకు ఆగిందని అడుగుతున్నారు. నన్ను పట్టివ్వకండి.