కోడి మీద నెపం, ఆడపిల్ల కంచంలో కోత

మళ్ళీ అదే మెసేజ్, ఈసారి అనంతపురంలో మా మేనత్త వాళ్ల గ్రూపు నుంచి. బ్రాయిలర్ కోళ్లకు హార్మోన్ ఇంజెక్షన్లు వేస్తారట, అవి తిని ఆడపిల్లలు తొందరగా పెద్దమనుషులవుతున్నారట, మగపిల్లలకు రొమ్ములు వస్తున్నాయట, కాబట్టి ఆడపిల్లలకు కోడి, గుడ్డు మానిపించాలట. కింద వరసగా దండాల బొమ్మలు.

షెడ్డులో వేల కోళ్లుంటాయి. ఒక్కోదాన్ని పట్టి సూది పొడుస్తూ కూర్చుంటే రైతుకు మిగిలేదేంటి? అది 40 రోజుల్లో రెండు కిలోలు తూగేది జాతి వల్ల, మేత వల్ల. కోళ్లకిచ్చే యాంటీబయాటిక్స్ మీద గొడవ చేస్తారా, చేయండి, నేనూ వస్తా, అది నిజమైన సమస్యే.

 

మగపిల్లల సంగతి. 13, 14 ఏళ్లప్పుడు దాదాపు సగం మందికి చనుమొన కింద చిన్న గడ్డలా వస్తుంది. ఆడ హార్మోన్ అనుకునే ఈస్ట్రోజెన్ మగ ఒంట్లోనూ తయారవుతుంది, కొన్నాళ్లు ఆ లెక్క అటూ ఇటూ అవుతుంది, చాలామందికి ఏడాది రెండేళ్లలో అదే పోతుంది. కోడి ముఖం చూడని ఇళ్లలోనూ వస్తుంది. ఈ ఫార్వర్డ్ చదివిన పిల్లోడేమో ఎండాకాలంలో కూడా చొక్కా లోపల రెండు బనియన్లు.

నాకు ఒళ్లు మండేది గుడ్డు దగ్గర. మేనత్త మనవరాలు ఏడో తరగతి. బడిలో పెట్టే గుడ్డు పక్కపిల్లకు ఇచ్చేస్తోంది. ఆదివారం ఇంట్లో కోడి వండితే ఆ పిల్ల సంగటిలోకి ఊరిబిండి, తమ్ముడికి లెగ్ పీసు. అయ్యా, మగపిల్లలకు రొమ్ములొస్తాయని అదే మెసేజ్‌లో ఉంది కదా, మరి ఆ లెగ్ పీసులో హార్మోన్ వాణ్ణి చూసి మొహమాటపడిందా? యుక్తవయసును మొదలుపెట్టేది మెదడులోని హైపోథలామస్. అది దాని కిందుండే పిట్యూటరీ గ్రంథిని లేపితే, పిట్యూటరీ ఆడపిల్లల్లో అండాశయాలను, మగపిల్లల్లో వృషణాలను లేపుతుంది. ఆడపిల్లలు జోరుగా పొడుగయ్యేది రజస్వల కాకముందే, తర్వాత పెరిగేది కొద్ది సెంటీమీటర్లే. నెలనెలా రక్తం పోవడం మొదలైతే ఇనుము కావాలి. బడిలో వారానికో నీలం మాత్ర ఇస్తున్నది అందుకే, ఇంట్లో మనం మాంసం మాన్పిస్తున్నాం, బాగుంది!

అమ్మమ్మల కాలంకంటే ఇప్పుడు ముందే అవుతున్నారన్న మాట మాత్రం తప్పు కాదు. అధిక బరువుకూ దానికీ సంబంధం ఉంది. మాన్పిస్తే చిప్స్, కూల్‌డ్రింకులు మాన్పించండి.

ఆడపిల్లకు 8 ఏళ్లలోపు, మగపిల్లాడికి 9 ఏళ్లలోపు మార్పులు కనిపిస్తే పిల్లల డాక్టరుకు చూపించాల్సిందే. మనవరాలికి 12 నిండాయత్తా, ఇందులో తొందరేముంది?