ఫోన్‌లో జరిగే రీసెర్చ్‌కి ఇక్కడి కమిటీ అనుమతి అక్కర్లేదా?

లండన్‌లోనో బోస్టన్‌లోనో కూర్చున్న రీసెర్చర్ జూమ్‌లో మన ఆశా వర్కర్‌ని ఇంటర్వ్యూ చేస్తే ఎవరి రూల్స్ వర్తిస్తాయి? చాలాసార్లు వాళ్ల యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ, అంటే రీసెర్చ్‌లో పాల్గొనేవాళ్లకి అన్యాయం జరక్కుండా చూసే కమిటీ, ఓకే అంటే సరిపోయిందనుకుంటున్నారు. నా దృష్టిలో అది అస్సలు సరిపోదు, జవాబు చెప్పే మనిషి ఏ దేశంలో ఉంటే ఆ దేశం కమిటీ కూడా చూసి తీరాలి.

ఎందుకంటే ఇక్కడ ఏమవుతుందో అక్కడ వాళ్లకి తెలీదు. 2009లో ఖమ్మం జిల్లాలో పాత్ అనే అమెరికా సంస్థ గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) ప్రాజెక్టు చేసింది, చాలామంది గిరిజన ఆడపిల్లలే. కొందరు చనిపోయాక 2010లో ఆపేశారు. ఆ చావులకి టీకా కారణం కాదని ఎంక్వైరీ చెప్పింది, టీకా మీద నాకూ గొడవ లేదు. కానీ తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు 2,700కి పైగా ఫారాల మీద హాస్టల్ వార్డెన్లు పెట్టారని 2013లో పార్లమెంటరీ కమిటీ బయటపెట్టింది. మనుషులు ఊళ్లోకి వచ్చి చేసిన పనిలోనే ఇలా ఉంటే, వాట్సాప్‌లో లింక్ పంపి "ఐ అగ్రీ" నొక్కించుకునే దాంట్లో ఎవరు నొక్కారో, పక్కన ఎవరు నిలబడి నొక్కించారో ఎవరికి తెలుస్తుంది?

ఇదివరకు విదేశీ రీసెర్చర్ రావాలంటే వీసా కావాలి, ఇక్కడ ఒక పార్టనర్ కావాలి, అంటే ఎవరో ఒకరు అడిగేవాళ్లు ఉండేవాళ్లు, ఇప్పుడు లాప్‌టాప్ ఉంటే చాలు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 గైడ్‌లైన్స్ ప్రకారం విదేశీ భాగస్వామ్యం ఉన్న హెల్త్ రీసెర్చ్ కేంద్ర ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీకి వెళ్లాలి, బానే ఉంది, కానీ ఇక్కడ పార్టనరే లేకపోతే ఆ ఫైల్ ఎవరు పెడతారు?

డేటా చట్టం ఉంది కదా అంటారు. యూరప్ డేటా చట్టం జీడీపీఆర్ అయితే బయటి దేశం నుంచి అక్కడున్న మనుషుల ప్రవర్తన మీద నిఘా పెట్టినా వర్తిస్తుంది. మన 2023 చట్టం మాత్రం, డేటా ప్రాసెసింగ్ దేశం బయట జరిగితే, ఇక్కడివాళ్లకి వస్తువులో సేవలో అందించే పని అయితేనే వర్తిస్తుంది. సర్వే చేసేవాడు ఏమీ అమ్మడు, మరి వాడిని అడిగేదెవరు? పీహెచ్‌సీలో మందులు లేవని చెప్పిన ఆశా వర్కర్ రికార్డింగ్ పై ఆఫీసర్ దాకా వెళ్తే నష్టపోయేది ఆమే, కంప్లైంట్ చేద్దామంటే ఫారం మీద ఉండేది ఐఎస్‌డీ నంబర్.

ఇదంతా స్టూడెంట్స్‌కి భారం, ఇక్కడి కమిటీలు నెలలు తీసుకుంటాయి అనే మాటలో నిజం ఉంది. అందుకే రిస్క్ తక్కువున్న వాటికి త్వరగా చూసే పద్ధతి ఐసీఎంఆర్ గైడ్‌లైన్స్‌లోనే ఉంది, రిమోట్ ప్రాజెక్టుల్ని కూడా అటే పంపొచ్చు. కాకపోతే సమ్మతి తెలుగులో చదివి వినిపించి రికార్డ్ చేయాలి, ఫారం మీద ఇక్కడి నంబర్ ఉండాలి, ఆ ఫోన్ ఎత్తి తెలుగులో మాట్లాడే మనిషి ఉండాలి.