ఒక పుల్ల తక్కువైంది

నిన్న బళ్లో నాకు తీసివేత రాలేదు. నలభై రెండేళ్ల వయసులో, పదిమంది తల్లిదండ్రుల ముందు.

మూడో తరగతి చదివే మావాడికి 43లోంచి 18 తీసేయడం నేనే నేర్పాను. "మూడులోంచి ఎనిమిది పోదు, పక్కనున్న నాలుగు దగ్గర ఒకటి అప్పు తెచ్చుకో" అని. వాడు 25 అని రాశాడు. టీచరమ్మ దానికి ఎర్ర సున్నా చుట్టి నన్ను రమ్మన్నారు. అప్పు అనకూడదట, రీగ్రూపింగ్, అంటే పదిని విడదీసి మళ్లీ సర్దుకోవడం, అనాలట. ఈ మాటేదో మా బ్యాంకువాళ్లకి చెబితే బాగుండు.

బల్ల మీద ఐస్‌క్రీమ్ పుల్లలు. పదేసి చొప్పున నాలుగు కట్టలు, విడిగా మూడు. "ఒక కట్ట విప్పండి సార్" అన్నారావిడ.

రబ్బరు బ్యాండు మూడు చుట్లు బిగించి ఉంది. గోటితో గీకుతుంటే మా తాత గుర్తొచ్చాడు. వీధిబడిలో ఆయనకి లెక్కలు నేర్పింది దేనికంటే, కొట్లో మోసపోకుండా ఉండటానికి. రూపాయిలో వీసం అంటే అణా, బేడ అంటే రెండణాలు, అంతే. మా నాన్న ఆ అణాలు నేర్చుకుంటుండగానే 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయాపైసలయ్యాయి. కష్టపడి బట్టీపట్టిన పదహార్లన్నీ దండగ. తర్వాత చదువుల మీద కేంద్రం వేసిన కొఠారీ కమిషన్ పదో తరగతిదాకా గణితం అందరికీ తప్పనిసరి అంది. నా చదువు నాటికి 1986 జాతీయ విద్యా విధానం వచ్చింది. గణితం పిల్లలకి ఆలోచించడం, తర్కించడం నేర్పే సాధనమని అందులో రాశారు. మా లెక్కల మాస్టారి దృష్టిలో ఆ సాధనం చింతబరికె. 2005 పాఠ్యప్రణాళిక చట్రం వచ్చేసరికి ఏకంగా పిల్లల ఆలోచనే గణితంగా మారాలన్నారు. మా తాత నుంచి నా దాకా ఎవరేం మార్చినా 43లోంచి 18 పోతే 25 మాత్రం అలాగే ఉంది.

టప్‌మని బ్యాండు తెగింది.

ముందు వరసలో ఒకాయన కళ్లజోడు సర్దుకున్నాడు. నేను నేలమీద పాకి పుల్లలు ఏరాను. తొమ్మిదే దొరికాయి. పదోది బీరువా కిందికి పోయింది, నా కళ్లతో చూశాను. చెయ్యి దూరలేదు. ఉన్నవాటితోనే కానిచ్చాను.

"ఎంతొచ్చింది సార్?"

"ఇరవై... నాలుగు."

వెనకనుంచి ఎవరో నవ్వారు. మావాడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, నేనెవరో తెలీనట్టు.

"బీరువా కింద ఇంకోటుందండీ" అన్నాను.

"జవాబు ముఖ్యం కాదు సార్, ప్రక్రియ ముఖ్యం."

జవాబు ముఖ్యం కాకపోతే 25కి సున్నా ఎందుకు చుట్టారమ్మా అని అడగాల్సింది. ఇంటికొచ్చి స్కూటర్ స్టాండు వేస్తుంటే తట్టింది.

సాయంత్రం డైరీలో ఇలా ఉంది: "తండ్రిగారికి పుల్లలతో సాధన అవసరం. తల్లిగారు సంతకం చేసి పంపగలరు."

మా ఆవిడ నవ్వాపుకుని సంతకం చేసేసరికి అరగంట పట్టింది.